లెఫ్ట్ 4 డెడ్ వర్సెస్ లెఫ్ట్ 4 డెడ్ 2: ఏడాదికే వచ్చిన సీక్వెల్‌లో ఏం మారింది? ఇప్పుడు కొత్తగా ఆడేవాళ్లు ఏది కొనాలి?

ఫోన్‌లో గేమింగ్ వీడియోలు చూసే అలవాటుంటే ఈ సీన్ మీకు ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది. నలుగురు మనుషులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెడుతుంటారు. వెనకాల జాంబీల గుంపు. ఆ నలుగురిలో ఒకడి చేతిలో తుపాకీ ఉండదు. క్రికెట్ బ్యాట్ ఉంటుంది! కవర్ డ్రైవ్ కొట్టినట్టు కొడితే జాంబీ ఎగిరి అవతల పడుతుంది. కింద కామెంట్లలో అందరూ అడిగేది ఒకటే.. ‘ఈ గేమ్ పేరేంటి బ్రో?’

దాని పేరు లెఫ్ట్ 4 డెడ్ 2. వచ్చి పదిహేనేళ్లు దాటింది. పేరు చివర 2 ఉంది కాబట్టి 1 కూడా ఉంటుందిగా. ఉంది. అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

మా పిన్ని కొడుకు ఉదయగిరిలో ఉంటాడు. డిగ్రీ చదువుతున్నాడు. చదువు కోసమని ఇంట్లో ఒప్పించి, నెల్లూరు నుంచి ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ తెప్పించుకున్నాడు. చదువు సంగతి పక్కన పెడితే, మొదటి వారంలోనే నలుగురు కలిసి ఒక టీమ్ కట్టారు. ఇద్దరు ఉదయగిరి, ఒకడు ఆత్మకూరు (మన నెల్లూరు జిల్లా ఆత్మకూరే, నంద్యాల వైపు ఉన్నది కాదు), ఇంకొకడు చెన్నైలో ఉద్యోగం. నలుగురూ ఒకే రోజు గేమ్ కొన్నారు. ఆదివారం సాయంత్రం హెడ్‌సెట్లు పెట్టుకుని కూర్చున్నారు. ముగ్గురే కనిపిస్తున్నారు. మావాడు లాబీలో లేడు. ‘రే, యాడున్నావ్?’ అని ముగ్గురూ అరుస్తున్నారు. ‘ఈడే ఉండాను గదరా, మీరే కనపడట్లేదు’ అని వీడు. అరగంట తర్వాత తెలిసింది.. ముగ్గురు కొన్నది రెండో పార్ట్. మావాడు కొన్నది మొదటిది. ‘ఫస్ట్ పార్ట్ చూడకుండా సెకండ్ పార్ట్ ఎట్లా చూస్తారన్నా?’ అన్నది వాడి లాజిక్. బాహుబలికి కరెక్టే. ఈ గేమ్‌కి మాత్రం కాదు.

ఈ రెండు గేమ్‌లూ ఒకదానితో ఒకటి కలవవు. ఒకటి ఉన్నవాడు రెండు ఉన్నవాడితో కలిసి ఆడలేడు. 2009లో ప్రపంచవ్యాప్తంగా వేల మంది ప్లేయర్లు కోపంతో రోడ్డెక్కినంత పని చేసింది కూడా సరిగ్గా ఇందుకే. అదేంటో చూద్దాం.

అసలు మొదటి గేమ్‌లో అంత స్పెషల్ ఏముంది?

లెఫ్ట్ 4 డెడ్ 2008 నవంబర్‌లో వచ్చింది. టర్టిల్ రాక్ అనే చిన్న స్టూడియో దీన్ని మొదలుపెట్టింది. కౌంటర్ స్ట్రైక్ గేమ్‌లో మనుషుల బదులు కంప్యూటరే ఆడే బాట్‌లు ఉంటాయి కదా, వాటి మీద పనిచేసిన టీమ్ ఇది. సరదాగా ఒకసారి ఆ బాట్‌లందరికీ కత్తులు మాత్రమే ఇచ్చి గుంపుగా వదిలి, కొద్దిమంది మనుషులు తుపాకులతో నిలబడి ఆడారట. ఆ సరదాలోంచే ఐడియా పుట్టింది. 2008 జనవరిలో వాల్వ్ కంపెనీ ఆ స్టూడియోని కొనేసింది. అదే ఏడాది చివర్లో గేమ్ మార్కెట్లోకి వచ్చింది.

కథ చాలా సింపుల్. వైరస్ సోకి ఊళ్లన్నీ పాడైపోయాయి. నలుగురు మిగిలారు. బిల్ అనే మాజీ సైనికుడు, జోయి అనే కాలేజీ అమ్మాయి, ఆఫీసు షర్టు, టైతోనే తిరిగే లూయిస్, ప్రపంచంలో ప్రతిదాన్నీ తిట్టే బైకర్ ఫ్రాన్సిస్. ఒక సేఫ్ రూమ్ నుంచి ఇంకో సేఫ్ రూమ్‌కి చేరాలి. చివర్లో హెలికాప్టరో, పడవో వచ్చేదాకా నిలబడాలి. ఇలాంటి కథలు నాలుగు. ఒక్కో కథ లోడ్ అయ్యేటప్పుడు సినిమా పోస్టర్ పడుతుంది, అయిపోయాక టైటిల్స్ పడతాయి, ఎవరు ఎన్ని చంపారో, ఎవరు ఎవర్ని పొరపాటున కాల్చారో అన్నీ బయటపడతాయి. స్నేహాలు చెడేది ఆ టైటిల్స్ దగ్గరే!

మనకి జాంబీ అంటే ‘జాంబీ రెడ్డి’ గుర్తొస్తుంది. 2021లో ప్రశాంత్ వర్మ కర్నూలు బ్యాక్‌డ్రాప్‌లో తీసిన ఆ సినిమాలో తేజ సజ్జా చేసింది కూడా గేమ్ డిజైనర్ పాత్రే. సినిమాలో హీరో ఒక్కడే అందర్నీ కాపాడొచ్చు. ఈ గేమ్‌లో ఆ ఆప్షన్ లేదు. ఎందుకంటే హంటర్ అనే జాంబీ మీ మీదకి దూకి పడగొట్టిందనుకోండి, మీరు ఎంత గొప్ప ఆటగాడైనా సరే, మీ అంతట మీరు లేవలేరు. పక్కనోడు వచ్చి దాన్ని తోసేయాలి. స్మోకర్ అనేది దూరం నుంచి నాలుకతో చుట్టి లాక్కుపోతుంది. అప్పుడూ అంతే. బూమర్ అనే లావుపాటిది మీ మీద కక్కితే గుంపంతా మీ మీదకే వస్తుంది. మీకు కళ్లు సరిగా కనపడవు, పక్కనోడే దిక్కు. ట్యాంక్ వస్తే నలుగురూ కలిసి కాల్చాలి. విచ్ ఏడుస్తూ కూర్చుని ఉంటే నలుగురూ టార్చిలైట్లు ఆపేసి పిల్లుల్లా దాటుకుని పోవాలి. ఒక్కడు లైట్ వేసినా అయిపోయింది.

అంటే ఒంటరిగా ముందుకి పరిగెత్తేవాడిని శిక్షించడమే మొదటి గేమ్ మెయిన్ రూల్ అన్నమాట. అప్పటిదాకా ‘కో-ఆప్’ అంటే ఇద్దరు ముగ్గురు పక్కపక్కన ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడమే. ఇక్కడ పక్కనోడు లేకపోతే బతుకే లేదు.

ఇక రెండో విషయం ‘డైరెక్టర్’. గేమ్ వెనక కూర్చుని నడిపించే ప్రోగ్రామ్ ఇది. సినిమా డైరెక్టర్‌లాగే టెన్షన్‌ని కంట్రోల్ చేస్తుంది. ఆటగాళ్లకి ఎంత దెబ్బ తగిలింది, జాంబీలు ఎంత దగ్గరగా చస్తున్నాయి, ఇలాంటివి లెక్కేసుకుంటూ ప్రతి ఒక్కరి ఒత్తిడికి ఒక అంచనా వేస్తుంది. ఒత్తిడి పీక్‌కి వెళ్లిందా, కొత్త గుంపుల్ని పంపడం ఆపేస్తుంది. అర నిమిషం పైచిలుకు ఊపిరి పీల్చుకోనిస్తుంది. మీరు కట్టు కట్టుకుని, తుపాకీ లోడ్ చేసుకుని ‘హమ్మయ్య’ అనుకునే టైమ్‌కి మళ్లీ మొదలు. అందుకే ఒకే మ్యాప్ వందసార్లు ఆడినా జాంబీలు అదే చోట రావు. నిన్న ట్యాంక్ వచ్చిన సందులో ఇవాళ ఏమీ ఉండదు. నిన్న ఖాళీగా ఉన్న బాత్రూమ్ పక్కన ఇవాళ విచ్ ఏడుస్తుంటుంది. పాత గేమ్ అయినా ఇప్పటికీ జనం ఆడుతున్నారంటే సగం కారణం ఇదే.

మా చిన్నప్పుడు ఆత్మకూరులో ఒక నెట్ సెంటర్లో నాలుగు సిస్టమ్‌లు వైరుతో కలిపి ఈ గేమ్ ఆడించేవాళ్లు. (అది అసలు కాపీనా అని మాత్రం అడక్కండి.) గంటకింత అని డబ్బులు. గేమ్ ఇంగ్లీషులో అరుస్తుంటే మేం తెలుగులో అరిచేవాళ్లం. అప్పుడు మా దగ్గర ఒక టెక్నిక్ ఉండేది. గుంపు వస్తోందని మ్యూజిక్ మొదలవగానే నలుగురం ఒక గది మూలకి దూరిపోయేవాళ్లం. ఇద్దరు ముందు వంగి, ఇద్దరు వెనక నిలబడి, తలుపు వైపు కాల్చడమే. ఏ జాంబీ వచ్చినా ఒకే దారిలో రావాలి. సేఫ్. ఎంత సేఫ్ అంటే, కాసేపటికి బోర్ కొట్టేంత.

ఈ మూల టెక్నిక్ మా ఒక్కళ్లదే కాదు, ప్రపంచమంతా అదే ఆడింది. మొదటి గేమ్‌లో ఉన్న అతి పెద్ద లొసుగు అది. ఫైనల్ అంటే రేడియోలో హెల్ప్ అడగడం, మంచి మూల చూసుకోవడం, వాహనం వచ్చేదాకా కాల్చడం. అంతే. నలుగురూ కలిసి ఉండాలని నేర్పిన గేమ్, చివరికి నలుగురూ ఒకే మూలలో కదలకుండా కూర్చునేలా చేసింది.

ఏడాదికే సీక్వెల్.. బాయ్‌కాట్ పిలుపు!

2009 జూన్‌లో అమెరికాలో జరిగిన ఈ3 గేమింగ్ షోలో వాల్వ్ ఒక ట్రైలర్ వేసింది. లెఫ్ట్ 4 డెడ్ 2, నవంబర్‌లో రిలీజ్. అప్పటికి మొదటిది వచ్చి ఏడు నెలలు కూడా కాలేదు.

ఫ్యాన్స్ పండగ చేసుకోవాలి కదా? రివర్స్ అయింది. వాల్వ్ అంటే గేమ్ రిలీజ్ అయ్యాక ఏళ్ల తరబడి ఉచితంగా కొత్త మ్యాప్‌లు, కొత్త ఆయుధాలు ఇచ్చే కంపెనీ అని పేరు. మొదటి గేమ్‌కి కూడా అలాగే ఇస్తామన్నారు. ఏప్రిల్‌లో సర్వైవల్ మోడ్ ఇచ్చారు. ఇంకా చాలా వస్తాయని ఎదురు చూస్తుంటే, ‘కొత్త గేమ్ కొనుక్కోండి’ అన్నారు. స్టీమ్‌లో ఒక బాయ్‌కాట్ గ్రూపు పుట్టింది. సభ్యుల సంఖ్య 30 వేలు దాటింది. డబ్బులు మళ్లీ పెట్టాలన్న బాధ ఒకటే కాదు వాళ్లది. ‘కొందరు 2 కొంటారు, కొందరు 1లోనే ఉండిపోతారు, ఆడేవాళ్లు రెండుగా చీలిపోతారు’ అని భయపడ్డారు. నలుగురు ఉంటేనే నడిచే గేమ్‌లో ఇది చిన్న విషయం కాదు. ఉదయగిరిలో మావాడు లాబీలో ఒంటరిగా కూర్చున్న ఆదివారం గుర్తుందిగా, వాళ్లు 2009లో ఊహించింది అదే.

వాల్వ్ ఏం చేసిందో తెలుసా? బాయ్‌కాట్ నడిపిన ఇద్దర్ని ఖర్చులు పెట్టుకుని తమ ఆఫీసుకి పిలిపించి, సీక్వెల్‌ని ఆడించింది. వాళ్లు ఆడారు. బాగుందన్నారు. అక్టోబర్‌లో ఆ గ్రూపు మూతపడింది. 2009 నవంబర్ 17న గేమ్ వచ్చింది.  మన దగ్గర సినిమాల బాయ్‌కాట్‌లు కూడా ఎక్కువగా ఇలాగే ముగుస్తుంటాయి కదా!

మూలలో కూర్చుంటే ఇక చావే

సీక్వెల్‌లో కొత్త మనుషులు, కొత్త ఊళ్లు. కోచ్, ఎల్లిస్, రొషెల్, నిక్. అమెరికా దక్షిణాన సవానా నుంచి న్యూ ఆర్లీన్స్ దాకా ఐదు కథలు. మొదటిది పూర్తిగా చీకట్లో నడిస్తే ఇందులో పట్టపగలు ఎండలో కూడా జాంబీలు వస్తాయి. ఇవన్నీ పైపైన కనిపించే మార్పులు. నా లెక్క ప్రకారం అసలు మార్పు వేరే. మూలలో దాక్కునే మా టెక్నిక్‌ని చంపడానికే ఈ గేమ్ తీశారా అనిపిస్తుంది.

కొత్తగా వచ్చిన మూడు స్పెషల్ జాంబీలను చూడండి. స్పిట్టర్ ఉమ్మితే నేల మీద యాసిడ్ మడుగు కడుతుంది. మీరు ఆ మూలలో నుంచి కదలకపోతే నలుగురూ కలిసి కాలిపోతారు. ఛార్జర్ ఎద్దులా దూసుకొచ్చి ఒకడిని ఎత్తుకుపోతుంది, దారిలో ఉన్న మిగతావాళ్లంతా చెల్లాచెదురుగా పడతారు. దగ్గర దగ్గరగా నిలబడితే దానికి అంత లాభం. ఇక జాకీ.. మీ తల మీదెక్కి కూర్చుని మిమ్మల్నే తోలుకుంటూ పోతుంది. ఎటు? వీలైతే స్పిట్టర్ మడుగులోకే! మూడూ కలిసొస్తే మూల అనేది దాక్కునే చోటు కాదు, సమాధి.

అంతటితో ఆగలేదు. ఫైనల్స్ కూడా మార్చేశారు. మొదటి కథ చివర ఒక షాపింగ్ మాల్‌లో రేస్ కారు ఉంటుంది. దాంట్లో పెట్రోల్ లేదు. మాల్ అంతా చెల్లాచెదురుగా పడి ఉన్న పెట్రోల్ డబ్బాలు 13 ఏరుకొచ్చి పోస్తేనే కారు కదులుతుంది. కూర్చుంటే జాంబీలు ఆగవు, డబ్బాలు రావు. విడిపోవాలి, కానీ మరీ దూరం పోకూడదు. డబ్బా చేతిలో ఉంటే తుపాకీ పట్టుకోలేరు, కాబట్టి ఒకడు మోస్తే ఇంకొకడు కాపలా కాయాలి. మొదటి గేమ్ ‘కలిసి ఉండండి’ అంటే, రెండోది ‘కలిసే ఉండండి, కానీ కదులుతూ ఉండండి’ అంటుంది. చివరి కథలో అయితే పొడవాటి బ్రిడ్జి మీద అటు నుంచి ఇటు దాకా ఆగకుండా పరిగెత్తడమే ఫైనల్. ఆగినవాడు అక్కడే మిగిలిపోతాడు.

మామూలు జాంబీల్లో కూడా వెరైటీలు తెచ్చారు. పసుపు రంగు సూట్ వేసుకున్నది నిప్పుకి కాలదు. చెవులకి రక్షణ కవచం పెట్టుకున్న కూలీ జాంబీకి పైప్ బాంబు బీప్ సౌండ్ వినపడదు, అది దాని వెంట పోకుండా మీ మీదకే వస్తుంది. పోలీసు కవచం వేసుకున్నదాన్ని వీపు వైపు నుంచే కాల్చాలి. మొదటి గేమ్‌లో అలవాటైన ప్రతి షార్ట్‌కట్‌కీ ఇక్కడ ఒక విరుగుడు ఉంది.

క్రికెట్ బ్యాట్ సంగతేంటంటారా? వస్తున్నా. మొదటి గేమ్‌లో చేతిలో రెండే.. పిస్టల్, పెద్ద తుపాకీ. సీక్వెల్‌లో పిస్టల్ బదులు చేత్తో కొట్టే ఆయుధం పట్టుకోవచ్చు. గొడ్డలి, కొడవలి లాంటి మచెటీ, ఇనుప గడ్డపార, ఎలక్ట్రిక్ గిటార్, ఆఖరికి వంటింటి పెనం కూడా! పెనంతో కొడితే వచ్చే ‘ఠంగ్’ సౌండ్‌కి ఫ్యాన్స్ ఉన్నారు. ఇవి ఊరికే కామెడీకి పెట్టినవి కాదు. బుల్లెట్లు అయిపోయే బాధ లేదు, గుంపు దగ్గరికొస్తే ఒక్క ఊపులో ఇద్దరు ముగ్గురు పడతారు. కానీ దూరం నుంచి స్మోకర్ మీ ఫ్రెండ్‌ని లాక్కుపోతుంటే బ్యాట్‌తో ఏం చేస్తారు? అందుకే టీమ్‌లో ఇద్దరి దగ్గర బ్యాట్లు, ఇద్దరి దగ్గర పిస్టళ్లు ఉంటే బెటర్. నలుగురూ బ్యాట్లే పట్టుకున్నారో.. ఆలౌటే.

ఒక మ్యాప్ గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. హార్డ్ రెయిన్. పడవలో డీజిల్ అయిపోయింది. నలుగురూ దిగి, ఊరు దాటి, మూతపడ్డ షుగర్ ఫ్యాక్టరీ మీదుగా పెట్రోల్ బంక్‌కి వెళ్లి డీజిల్ తేవాలి. (మూతపడ్డ షుగర్ ఫ్యాక్టరీ అనగానే మన జిల్లావాళ్లకి కోవూరు గుర్తొస్తే నా తప్పు కాదు.) ఆ ఫ్యాక్టరీ నిండా విచ్‌లు తిరుగుతుంటాయి. వెళ్లేటప్పుడు వాన చినుకులే. వచ్చేటప్పుడు తుపాను. అదే దారి, అవే వీధులు. కానీ ఇప్పుడు నడుము లోతు నీళ్లు, నడక సాగదు. గాలివాన ఎక్కువైనప్పుడు ముందు ఏముందో కనపడదు, హెడ్‌సెట్లో పక్కనోడి మాట కూడా సరిగా వినపడదు. నిజంగానే గేమ్ మీ వాయిస్ సౌండ్‌ని తగ్గించేస్తుంది!

ఉదయగిరి వైపు మెట్ట ప్రాంతం. వాన కోసం చూడటమే మావాళ్లకి అలవాటు. కానీ 2021 నవంబర్‌లో పెన్నాకి వచ్చిన వరద, సోమశిల నుంచి నెల్లూరు దాకా ఏం చేసిందో చూసినవాళ్లకి ఈ మ్యాప్ ఆడుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. పొద్దున నడిచిన రోడ్డు సాయంత్రానికి రోడ్డులా ఉండకపోవడం మనకి తెలుసు. జాంబీల కంటే ఆ నీళ్లే ఎక్కువ భయపెట్టాయి నన్ను. సీక్వెల్ మొత్తంలో నాకు నచ్చిన మ్యాప్ అడిగితే ఇదొక్కటే చెప్తా.

మరి మొదటిది వేస్టా?

అస్సలు కాదు. ఒక విషయంలో మొదటిదే పైచేయి. భయం. చీకటి, గరుకుగా కనిపించే పాత సినిమా రీలు లాంటి పిక్చర్, టార్చిలైట్ వెలుగు పడినంత మేరే ప్రపంచం. ఆయుధాలు తక్కువ, వస్తువులు తక్కువ. కట్టు కట్టుకునే కిట్ నువ్వు వాడాలా, పక్కనోడికి ఇవ్వాలా అనే ఆలోచన మనసుని తినేస్తుంది. సీక్వెల్‌లో అడ్రినలిన్ ఇంజెక్షన్, చనిపోయినవాడిని లేపే డీఫిబ్రిలేటర్, నిప్పు బుల్లెట్లు, గ్రెనేడ్ లాంచర్ అన్నీ ఇచ్చేసరికి ఆ గుబులు కొంచెం పలచబడింది. ఎండలో జాంబీలని చూస్తే భయం కన్నా ఉత్సాహమే ఎక్కువ వస్తుంది. విచ్ కూడా పగటిపూట కూర్చోకుండా తిరుగుతుంటుంది. చీకట్లో ఎక్కడో కనపడకుండా ఏడ్చే విచ్‌తో పోలిస్తే అంత దడ పుట్టదు.

పాత్రల విషయంలో కూడా పాత నలుగురి మీద జనానికి ప్రేమ తగ్గలేదు. వాల్వ్‌కి అది తెలుసు. అందుకే 2010లో రెండు టీమ్‌లూ ఎదురుపడే ‘ది పాసింగ్’, ఆ తర్వాత ‘ది శాక్రిఫైస్’ అనే కథలు ఇచ్చింది. రెండోదాంట్లో పాత టీమ్‌కి ఏం జరిగిందో ఇక్కడ చెప్పను, ఆడబోయేవాళ్ల మూడ్ పాడు చేయడం ఎందుకు. మేం నెట్ సెంటర్లో అది చూసిన రోజు మాత్రం ఎవరూ అరవలేదు.

ఇక అసలు ట్విస్ట్. బాయ్‌కాట్ చేసినవాళ్లు అడిగింది చివరికి వేరే రూట్లో జరిగింది. మొదటి గేమ్‌లోని కథలన్నింటినీ వాల్వ్ ఒక్కొక్కటిగా రెండో గేమ్‌లోకి తెచ్చింది. 2012 నాటికి అన్నీ వచ్చేశాయి. బిల్, జోయి, లూయిస్, ఫ్రాన్సిస్‌లతో, ఆ హాస్పిటల్ మ్యాప్‌తో సహా. అంటే 2 కొంటే 1 లోపలే ఉంది! 1 కొంటే మాత్రం 2 రాదు. తేడా ఏంటంటే, రెండో గేమ్‌లో పాత కథలు ఆడినా స్పిట్టర్, ఛార్జర్, జాకీ వస్తాయి. కాబట్టి పాత మూల టెక్నిక్ అక్కడ కూడా పనిచేయదు. ఒరిజినల్ రుచి, ఆ చీకటి యథాతథంగా కావాలంటే మొదటి గేమ్‌నే వేరుగా ఆడాలి.

2013 నుంచి స్టీమ్ వర్క్‌షాప్ కూడా ఉంది. ఆటగాళ్లు సొంతంగా తయారుచేసిన మ్యాప్‌లు, ఆయుధాలు, వేషాలు అన్నీ ఉచితం. 2020 సెప్టెంబర్‌లో అయితే ఫ్యాన్స్ టీమ్ తయారుచేసిన ‘ది లాస్ట్ స్టాండ్’ అనే పెద్ద అప్‌డేట్‌ని వాల్వ్ అధికారికంగా రిలీజ్ చేసింది. గేమ్ వచ్చిన పదకొండేళ్ల తర్వాత! అదంతా రెండో గేమ్‌కే.

మన ఊళ్లలో ఆడాలంటే..

ముందు ఒక హెచ్చరిక. లెఫ్ట్ 4 డెడ్‌కి అధికారిక మొబైల్ వెర్షన్ లేదు. వీడియోల కింద ‘ఫ్రీ డౌన్‌లోడ్, ఏపీకే లింక్ ఇన్ బయో’ అని ఉంటే నొక్కకండి. అది గేమ్ కాదు, ఫోన్‌కి పట్టే జాంబీ. ఫోన్‌లో బీజీఎంఐ ఆడే అలవాటుతో చాలామంది అక్కడే బోల్తా పడతారు.

కంప్యూటర్ పాతదైనా పర్లేదు, ఇది పదిహేనేళ్ల కిందటి గేమ్. 2 జీబీ ర్యామ్ మినిమమ్ అని స్టీమ్‌లోనే ఉంటుంది. డౌన్‌లోడ్ సైజు మాత్రం 13 జీబీ దాకా చూసుకోవాలి. రోజుకి ఒకటిన్నర, రెండు జీబీ వచ్చే మొబైల్ డేటాతో ఉదయగిరిలో దించాలంటే వారం పడుతుంది. మావాళ్లు ఏం చేశారంటే, ఆత్మకూరులో ఫైబర్ నెట్ ఉన్నవాడు దించాడు. ఫైళ్లు హార్డ్ డిస్క్‌లో వేసుకుని ఆర్టీసీ బస్సులో ఉదయగిరి పట్టుకెళ్లారు. స్టీమ్‌లో బ్యాకప్ చేసి వేరే కంప్యూటర్లో పెట్టుకునే పద్ధతి ఉంది. అయితే ఎవరి అకౌంట్లో వాళ్లు గేమ్ కొని ఉండాలి. పెద్ద సేల్స్‌లో ధర బాగా పడిపోతుంది, కాస్త ఓపిక పడితే చాలు.

సర్వర్ ఎంచుకునేటప్పుడు, దూర దేశం సర్వర్ తగిలి లేట్‌గా కదులుతుంటే ‘లోకల్ సర్వర్’ పెట్టుకోండి. నలుగురిలో ఎవరి నెట్ గట్టిగా ఉంటే వాళ్లు హోస్ట్ చేయాలి. హోస్ట్ కరెంట్ పోతే అందరి ఆటా పోతుంది కాబట్టి ఇన్వర్టర్ ఉన్నవాడైతే ఇంకా మంచిది. మిగతావాళ్లలో ఎవరైనా మధ్యలో డ్రాప్ అయితే గేమ్ ఆగదు. వాళ్ల పాత్రని బాట్ తీసుకుని నడిపిస్తుంది. ముగ్గురే ఉన్నా, ఇద్దరే ఉన్నా ఆడొచ్చు.

ఇంట్లో చిన్నపిల్లలు పక్కన కూర్చుని చూసే గేమ్ కాదిది. రక్తం, తెగిపడే చేతులు కాళ్లు ఉంటాయి. ఈ కారణంతోనే సీక్వెల్‌కి ఆస్ట్రేలియాలో మొదట అనుమతి ఇవ్వలేదు. సీన్లు కట్ చేశాకే రిలీజ్ చేయనిచ్చారు.

మూడో పార్ట్ ఎప్పుడు అని అడిగితే.. వాల్వ్ తీయలేదు. తర్వాత వాల్వ్ నుంచి బయటికొచ్చి మళ్లీ నిలబడిన టర్టిల్ రాక్, 2021లో బ్యాక్ 4 బ్లడ్ అని అదే టైపు గేమ్ తెచ్చింది. ఆడేముందు కార్డులు ఎంచుకోవాలి, తుపాకీలకి పార్టులు తగిలించుకోవాలి. బాగానే ఉంటుంది. కానీ కొత్తవాడిని పక్కన కూర్చోబెట్టి ‘పద, ఆడదాం’ అనలేం, ముందు అరగంట క్లాస్ పీకాలి. లెఫ్ట్ 4 డెడ్ 2లో ఆ క్లాస్ అక్కర్లేదు. ‘నన్ను వదిలి పోకు’ అన్న ఒక్క ముక్క చెప్తే చాలు.

మావాడి సంగతి చెప్పలేదు కదూ. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు మించకపోతే డబ్బులు వెనక్కి ఇస్తారు. వాడు ఆ రాత్రే రోషంతో బాట్‌లతో మూడు గంటలు ఆడేశాడు. రీఫండ్ పోయింది. సేల్ వచ్చేదాకా ఆగి రెండోది కొన్నాడు. మొన్న ఆదివారం నలుగురూ హార్డ్ రెయిన్ మొదలుపెట్టారు. ఆత్మకూరు వాడు హోస్ట్. షుగర్ ఫ్యాక్టరీ మధ్యలో, చుట్టూ విచ్‌లు ఏడుస్తుంటే ఉదయగిరిలో కరెంట్ పోయింది. ఇరవై నిమిషాలకి వచ్చింది. మావాడు సిస్టమ్ ఆన్ చేసి చూస్తే వాడి పాత్ర సేఫ్ రూమ్‌లో నిలబడి ఉంది. బాట్ తెచ్చి పెట్టింది. పైగా దారిలో చెన్నై వాడిని రెండుసార్లు లేపిందట.

రాత్రి నాకు వాట్సాప్ పెట్టాడు. ‘అన్నా, ఈసారి నన్ను తీసేసి బాట్‌నే పెట్టుకుంటామంటున్నార్రా వీళ్లు’ అని.